రక్తం చెప్పే సాక్ష్యం



ఇంట్లో ఒక ఆడమనిషికి పెద్దజబ్బు చేసిందనగానే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న "ఇంతకీ మనిషి దక్కుతుందా?" అని. ఆ ప్రశ్న అడిగేది రోగి కాదు. ఆస్పత్రి వరండాలో, డాక్టరుగారి గది గుమ్మం దగ్గర, భర్తో కొడుకో తమ్ముడో గొంతు తగ్గించి అడుగుతారు. డాక్టరుగారు కూడా గొంతు తగ్గించే జవాబు చెబుతారు. లోపల బల్లమీద పడుకున్న ఆవిడ మాత్రం వాళ్ళ ముఖాలు చూసి తన సంగతి తానే ఊహించుకోవాలి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన పాత వైద్యులు జబ్బుల్ని సుఖసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగు తరగతులు చేశారు. చరకసంహితలోనే ఈ విభాగం వుంది. యాప్యం అంటే పూర్తిగా పోదు కాని, మందుతో పథ్యంతో ఈడ్చుకు రావచ్చునని. మందు ఇచ్చేముందే ఈ సాధ్యాసాధ్యాలు తేల్చుకోవాలనేవారు. మరి దేన్నిబట్టి తేల్చేవారు? నాడి చూసి, నాలుక చూసి, కంటి రంగు చూసి. పైకి కనబడే గుర్తులే వారికి ఆధారం. లోపల ఏం జరుగుతోందో చెప్పే సాక్షి ఎవరూ లేరు.

ఆ సాక్షి మనకు ఎలా దొరికిందో, ఎంతవరకు దొరికిందో ఈవేళ చెప్పుకుందాం. ముఖ్యంగా గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సరు విషయంలో. పల్లెల్లో దీన్ని గర్భసంచి మూతికి లేచిన రాచపుండు అంటారు. మన దేశంలో ఏటా లక్షా ఇరవైవేల మందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. డెబ్బై అయిదువేల మందికి పైగా దీనితో పోతున్నారు. ఇంతమంది ఆడవాళ్ళ ప్రాణానికి సంబంధించిన సంగతి కనుక సిగ్గుపడకుండా మాట్లాడుకోవడమే మంచిది.

రక్తంలో జబ్బు ఆనవాలు వుంటుందనే మాట మన కోనసీమవాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. బోదకాలు బాధ తెలియని ఊరు ఇక్కడ లేదు కదండీ. ఆ జబ్బు చూడడానికి ఆరోగ్యశాఖవాళ్ళు రాత్రి భోజనాల వేళ దాటాక వచ్చి, వేలి కొసన సూదితో పొడిచి, గాజుపలకమీద నెత్తురుబొట్టు తీసుకువెళ్ళడం మనం ఎరుగుదుం. పగలు ఎందుకు రారయ్యా అంటే, ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వచ్చి తిరుగుతాయి. కాలు చక్కగానే వుంటుంది, మనిషి పనిపాటలు చేసుకుంటూనే వుంటాడు, నెత్తురులో మాత్రం సాక్ష్యం వుంటుంది. కాలు వాచిన తరువాత చేసేది తక్కువ, వాచకముందు చేసేది ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ మాత్రను అమెరికాలో తయారుచేయించినవాడు మన గోదావరి జిల్లాల మనిషే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద కుదురు లేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. నా చదువూ మెట్రిక్ దగ్గరే ఆగింది కనుక ఆ సంగతి చదివినప్పుడు నాకు కాస్త ధైర్యంగా అనిపించింది. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో తోబుట్టువులు పోవడం చూసి, మద్రాసులో వైద్యం చదివారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయమూ, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయమూ తోడై 1922లో అమెరికాలో హార్వర్డు చేరారు. మళ్ళీ ఈ దేశం రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే వుండిపోయారు. గొప్పవాళ్ళ జీవితచరిత్రల్లో ఇలాంటి ఇల్లాళ్ళకు ఒక వాక్యం కంటె ఎక్కువ దొరకదు. అందుకే ఆవిడ పేరు ఇక్కడ చెబుతున్నాను.

సుబ్బారావుగారు 1940 నుంచి లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. ఆకుకూరల్లో, కాలేయంలో వుండే ఫోలిక్ ఆసిడ్ అనే విటమినును ఆయన బృందం 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచెయ్యగలిగింది. కడుపుతో వున్నవాళ్ళకు డాక్టరమ్మలు రాసి ఇచ్చే మాత్రలో వుండేది అదే. రక్తం పట్టడానికి, కణం రెండుగా చీలి పెరగడానికి అది కావాలి. కణం పెరగడానికి అది కావాలంటే, దాన్ని అందకుండా చేస్తే కణం పెరుగుదల ఆగాలి కదా? ఫోలిక్ ఆసిడ్ లాగే కనబడి కణాన్ని మోసగించే మందుల్ని ఆ బృందమే తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సరుతో వున్న పసిపిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. యాభై మూడేళ్ళు. ఆ మందుకు చెల్లెలి వంటిది మెథోట్రెక్సేట్. ఆడవాళ్ళ కాన్సరులో అది ఏం చెయ్యబోతోందో చూడడానికి ఆయన లేరు.

ఇప్పుడు రక్తం చెప్పే సాక్ష్యం దగ్గరికి వద్దాం. కొందరికి కడుపులో బిడ్డ బదులు నీటిబుడగల గుత్తి పెరుగుతుంది. దాన్ని ముత్యాల గర్భం అంటారు. దాని తరువాతగాని, ఒక్కొక్కప్పుడు మామూలు కాన్పు తరువాతగాని, మాయ కణాలు దారి తప్పి కాన్సరుగా మారడం కద్దు. దాని పేరు కోరియో కార్సినోమా. అది ఊపిరితిత్తులకు పాకితే ఏడాది తిరగకుండా మనిషి పోయేది. మన పాత వైద్యుడైతే అసాధ్యం అని చెయ్యి వదిలేసేవాడు. అమెరికా డాక్టర్లూ అప్పట్లో అదే అనేవారు.

ఈ కాన్సరులో ఒక విశేషం వుంది. మాయ కణాలు ఒక ప్రొటీనును తయారుచేస్తాయి. దాన్ని హెచ్.సి.జి. అంటారు. మన చిన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో ప్రొటీన్లను మాంసకృత్తులు అని రాసేవారు, పప్పులో, పాలలో, గుడ్డులో వుంటాయని. తిండిలోనే కాదు, ఒంట్లో ప్రతి కణమూ తన పనికోసం వేలరకాల ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. కణం దారి తప్పితే కొన్ని ప్రొటీన్లు హద్దు మీరి తయారై రక్తంలోకి చిందుతాయి. వాటినే డాక్టర్లు మార్కర్లు అంటారు. మనం ఆనవాళ్ళు అనుకోవచ్చు. కడుపు నిలిచిందా లేదా అని మూత్రంతో చూసే పరీక్ష వెతికేది ఈ హెచ్.సి.జి. నే. జర్మనీలో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు 1920ల చివర ఆ పరీక్షను మొదట ఎలుకపిల్లల మీద చేసి చూపించారు. బిడ్డ వచ్చిన శుభవార్త చెప్పే ప్రొటీనే, బిడ్డ లేని కడుపులో పెరుగుతూ వుంటే కీడు చెబుతుంది.

వాషింగ్టన్ పక్కన బెథెస్డాలోని ప్రభుత్వ ఆస్పత్రిలో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు, రాయ్ హెర్ట్జ్ అనే ఆయనా కలిసి ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. 1956లో ఆ ఫలితం ప్రకటించారు. ఊపిరితిత్తుల్లో ఎక్స్‌రేకు కనిపించిన గడ్డలు కరిగిపోయాయి. అందరూ సంతోషించారు, ఇక మందు ఆపవచ్చునన్నారు. లీ మాత్రం ఆపలేదు. ఎక్స్‌రే శుభ్రంగా వున్నా పరీక్షలో హెచ్.సి.జి. ఇంకా కొద్దిగా కనిపిస్తూనే వుంది. ఆ కొద్దిపాటిదీ పూర్తిగా మాయమయ్యేదాకా మందు ఇస్తూ పోయారు. మందు కూడా విషం వంటిదే, జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది. ఎక్కడా గడ్డ లేనివాళ్ళకు ఇంకా విషం ఎందుకు పొయ్యాలని పైవాళ్ళకు కోపం వచ్చింది. 1957లో లీ ఆ ఉద్యోగం వదలవలసి వచ్చింది.

తరువాత తేలిందేమిటంటే, ఆనవాలు మిగిలి వుండగానే మందు ఆపినవాళ్ళలో జబ్బు తిరగబెట్టింది. ఆనవాలు పూర్తిగా పోయేదాకా తీసుకున్నవాళ్ళు బతికారు. ఒంట్లో పాకిన గడ్డ కాన్సరును మందుతోనే నయం చెయ్యడం అదే మొదలు. 1972లో లీకీ, హెర్ట్జ్‌కీ, మరికొందరు డాక్టర్లకీ కలిపి లాస్కర్ బహుమానం ఇచ్చారు. ఈ రోజున ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా బయటపడుతున్నారు. చాలామంది మళ్ళీ బిడ్డల్ని కంటున్నారు కూడాను. భీమవరం బిడ్డ బృందం తయారుచేసిన మందూ, మాయ ప్రొటీను చెప్పిన సాక్ష్యమూ కలిసి అసాధ్యాన్ని సాధ్యంలోకి తెచ్చాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ సాక్ష్యం వల్ల ఉపయోగం ఎందుకు కలిగింది? దాన్ని విని డాక్టరు చేసే పని మారింది గనక. మందు ఆపాలా, ఇంకా ఇవ్వాలా అన్నది ఆ అంకె తేల్చింది. వట్టినే తెలుసుకుని ఊరుకునే సాక్ష్యమైతే రోగికి దానివల్ల ఒరిగేది లేదు.

మరి గర్భాశయ ముఖద్వారం కాన్సరుకు ఇలాంటి సాక్షి దొరికిందా? ఆ చరిత్ర ఇంకొంచెం పొడుగు.

1842లో ఇటలీలో వెరోనా పట్టణం మరణాల లెక్కలు చూసిన రిగోనీ స్టెర్న్ అనే వైద్యుడు, గర్భసంచి కాన్సరు సంసారం చేసే స్త్రీలలో ఎక్కువగానూ, సన్యాసినులలో బహు తక్కువగానూ వుందని రాశాడు. జబ్బు అంటువ్యాధి కావచ్చునేమో అన్న అనుమానానికి అది తొలి మెట్టు. 1929లో నానాజాతి సమితివారు ఈ కాన్సరును నాలుగు దశలుగా విభజించారు. మూతికే పరిమితమైతే మొదటిది. గర్భసంచి దాటి పక్కకు పాకడం మొదలైతే రెండోది. కటివలయం గోడదాకా పాకితే మూడోది. మూత్రాశయానికో, పెద్దపేగుకో, దూరపు అవయవాలకో పోతే నాలుగోది. చూడండి, చరకుని నాలుగు తరగతులకీ వీటికీ ఎంత పోలిక వుందో. ఎక్కడివాళ్ళైనా రోగి ముందు నిలబడి వేసుకునే ప్రశ్న ఒకటే.

ఈ దశల లెక్క ఇప్పటికీ చెల్లుతోంది. మొదటి దశలో పట్టుబడి వైద్యం చేయించుకుంటే నూటికి ఎనభై మందికి పైగా అయిదేళ్ళు దాటుతారు. నాలుగో దశలో ఇరవై మంది దాటడం కష్టం. రేడియం పెట్టి ఈ పుండును మాన్పడం ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలోనే ఐరోపాలో వాడుకలోకి వచ్చింది. మనవాళ్ళకు మద్రాసే దిక్కు. డాక్టర్ ముత్తులక్ష్మిరెడ్డిగారు తన చెల్లెలు కాన్సరుతో పోయినప్పుడు చేసుకున్న సంకల్పంతో 1954లో అడయారులో కాన్సరు ఆస్పత్రి తెరిపించారు. మరుసటేడు, 1955లో, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్‌గారి పేర రేడియం ఆస్పత్రి వెలిసింది. కోనసీమ నుంచి అంతదూరం ఎవరు వెళ్ళగలరు? కోటిపల్లి రేవులో పడవ దాటి కాకినాడ చేరడమే ఒకనాడు ప్రయాణం. యానాం ఎదుర్లంకల మధ్య వారధి వచ్చింది 2002లో. నది దాటేలోగా జబ్బు రెండు దశలు దాటిపోయేది.

పైకి ఏమీ కనిపించక ముందే పట్టుకునే ఉపాయం గ్రీకు దేశంలో పుట్టి అమెరికా చేరిన పాపనికొలావ్‌గారిది. మూతి దగ్గర నుంచి కాసిని కణాలు గీకి, గాజుపలకమీద పూసి, రంగువేసి చూస్తే చెడబోతున్న కణాలు తెలుస్తాయి. 1928లో మొదట చెబితే ఎవరూ ఖాతరు చెయ్యలేదు. 1940లలో గాని ఒప్పుకోలేదు. ఆయన పేరుమీదనే పాప్ పరీక్ష అంటున్నాం. ఆ పరీక్షను క్రమంగా చేయించుకున్న దేశాల్లో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు.

1951లో అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలు వచ్చింది. అయిదుగురు బిడ్డల తల్లి. ఆమెకు ఈ కాన్సరే. రేడియం పెట్టేటప్పుడు ఆమె పుండు నుంచి చిన్నతునక తీసి ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. అప్పటిదాకా ఏ మనిషి కణాలూ ఒంటి బయట అలా ఎడతెగకుండా పెరగలేదు. ఆమెవి పెరిగాయి, ఈనాటికీ పెరుగుతున్నాయి. పోలియో టీకా పరీక్షలకూ, ఇంకా ఎన్ని మందులకో ఆ కణాలే ఆధారమయ్యాయి. ఆమె అదే ఏడు అక్టోబరు 4న, ముప్ఫై ఒకటో ఏట పోయింది. ఆమె పిల్లలకు ఈ సంగతి తెలియడానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. ఆ కణాలతో లాభపడిన ఒక కంపెనీ 2023లో గాని ఆ కుటుంబంతో రాజీకి రాలేదు.

జబ్బుకు కారణమైన వైరస్సును జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983, 84 సంవత్సరాలలో పట్టుకుంది. హెచ్.పి.వి. అనే వైరస్సు కుటుంబంలో 16వ రకం, 18వ రకం. హెన్రియెట్టా కణాల్లో వున్నది 18వ రకమేనని తేలింది. హౌసెన్‌గారికి 2008లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ వైరస్సు సంసారం చేసే స్త్రీపురుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, తనంతట తానే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పదేళ్ళూ పదిహేనేళ్ళూ తిష్టవేసి కాన్సరుకు దారితీస్తుంది. అందుచేత ఈ జబ్బు వచ్చిన ఆడదాని నడవడిని శంకించడం శుద్ధ తెలివితక్కువ. మొగుడి ద్వారా వచ్చిన వైరస్సుకు ఇల్లాలిని నిందించడం ఏం న్యాయం చెప్పండి?

కణంలో ఆ వైరస్సు ఏం చేస్తుందంటారా? మన కాలవల లాకులు తలుచుకోండి. నీళ్ళు ఎంత వదలాలో అంతే వదలడానికి లాకుకు తలుపులున్నాయి. గట్టుకు గండి పడితే చూసి చెప్పడానికి కాపలావాడున్నాడు. మన కణాల్లో ఆర్.బి. అనే ప్రొటీను లాకు తలుపు, పి53 అనే ప్రొటీను కాపలావాడు. వైరస్సు తెచ్చే రెండు ప్రొటీన్లలో ఇ7 అనేది తలుపును విరగ్గొడుతుంది, ఇ6 అనేది కాపలావాణ్ణి మాయం చేస్తుంది. ఇంక నీటికి అడ్డేముంది? కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఇక్కడే మన సాక్షి వస్తుంది. దాని పేరు పి16. "తలుపు వెయ్యండి, తలుపు వెయ్యండి" అని కబురు మోసే బంట్రోతు వంటిది ఆ ప్రొటీను. తలుపే విరిగిపోయాక ఎన్ని కబుర్లు పంపినా నీళ్ళు ఆగవు. నీళ్ళు ఆగలేదు కదా అని కణం ఇంకా ఇంకా బంట్రోతుల్ని పంపుతుంది. అందుకని ఆ చిన్నతునకను రంగువేసి చూస్తే కణమంతా పి16తో నిండి గోధుమరంగులో కనిపిస్తుంది. మైక్రోస్కోపులో అనుమానంగా వున్న కణం నిజంగా దారి తప్పినదా, లేక వట్టి వాపా అని డాక్టర్లు తేల్చుకోవడానికి ఇది గొప్ప సాయం. కాన్సరు వచ్చినవాళ్ళలో కూడా, పి16 బాగా కనిపించినవాళ్ళు కనిపించనివాళ్ళ కంటె మెరుగ్గా బతుకుతున్నారని చాలా పరిశోధనల్లో తేలింది.

రక్తంలోనే కనిపించే సాక్షి మరొకటుంది. 1977లో జపానులో కాటో, టొరిగో అనే ఇద్దరు ఈ కాన్సరు గడ్డలోనుంచే ఒక ప్రొటీనును వేరుచేశారు. దాన్ని ఎస్.సి.సి. యాంటిజెన్ అంటారు. వైద్యానికి ముందే అది బాగా ఎక్కువగా వుంటే జబ్బు ముదిరిందనీ, బిళ్ళలకు పాకి వుండవచ్చుననీ అనుమానించాలి. వైద్యం తరువాత పడిపోయి, మళ్ళీ పెరగడం మొదలెడితే జబ్బు తిరగబెడుతోందేమో చూడాలి. నొప్పి రాకముందే కొందరిలో ఈ హెచ్చరిక వస్తుంది. ఇంకా ఇటీవల పి.డి.ఎల్.1 అనే ప్రొటీను గడ్డమీద వుందో లేదో చూసి, ముదిరిన కాన్సరుకు ఒక కొత్తరకం మందు ఇవ్వాలా అని నిర్ణయిస్తున్నారు. 2021లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో ఆ మందు కలిపినవాళ్ళు ఎక్కువకాలం బతికారు.

అయితే వీటిలో ఏదీ మాయ ప్రొటీనంత నమ్మకమైన సాక్షి కాదు. ఎస్.సి.సి. కొన్ని చర్మవ్యాధుల్లో పెరుగుతుంది, మూత్రపిండాలు చెడినా పెరుగుతుంది. చిన్న పుండు వున్నప్పుడు అసలు పెరగకపోనూవచ్చు. అందుకని ఆరోగ్యంగా వున్నవాళ్ళు రక్తం ఇచ్చి దానితో కాన్సరు వుందో లేదో చూసుకోవడం పొరపాటు. ఈ సాక్షుల మాట దశతో, గడ్డ కొలతతో, బిళ్ళల సంగతితో కలిపి చూసుకోవాలి గాని, ఆ కాగితంమీద అంకె ఒక్కటీ చూసి గుండె బాదుకోకూడదు, గుండె నిబ్బరం చేసుకోనూ కూడదు.

ఇక మన తెలుగునాట ఏం జరిగిందో చూద్దాం. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో మన రాష్ట్రపు స్త్రీల కాన్సరు తునకలు 41 పరీక్షిస్తే 36 టిలో ఈ వైరస్సు ప్రమాదకరమైన రకాలు దొరికాయి. ఎక్కువగా వున్నది 16, దాని తరువాత 18. అంటే బాల్టిమోరులో హెన్రియెట్టాను తిన్న పురుగూ, మన అక్కచెల్లెళ్ళను తింటున్న పురుగూ ఒకటే. ఆ రెండు రకాలనూ ఆపే టీకా 2006లో వచ్చింది.

ఆ టీకాతోనే మనకు ఒక చేదు అనుభవం కూడా వుంది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఎందరో పిల్లలు గిరిజన హాస్టళ్ళలో వుండేవాళ్ళు. వాళ్ళ తరఫున కాగితాలమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో గగ్గోలు పుట్టి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదన్నది. నీళ్ళలో పడి ఒకరు, పాము కరిచి ఒకరు, పురుగుమందు తాగి కొందరు, ఇలా. కాని అనుమతి తీసుకున్న తీరు తప్పని ఆ విచారణలోనూ తేలింది, 2013లో పార్లమెంటు సంఘం మరింత గట్టిగా మందలించింది.

టీకా మంచిదే. అది ఈ వైరస్సును ఆపుతుందని ఇన్నేళ్ళ అనుభవంలో ప్రపంచమంతటా రుజువైంది. మన దేశంలోనే తయారయ్యే టీకాకు కూడా 2022లో అనుమతి వచ్చింది. మంచి వస్తువునైనా తల్లికి చెప్పకుండా బిడ్డకు పొడిస్తే ఊరంతా దాన్ని చూసి భయపడుతుంది. ఖమ్మంలో పోయిన నమ్మకం వల్ల ఎన్నో ఏళ్ళపాటు మన ఆడపిల్లలకు టీకా మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. 1951లో హెన్రియెట్టాను అడగకపోవడం, 2009లో గిరిజన తల్లుల్ని అడగకపోవడం, ఆస్పత్రి వరండాలో మగవాళ్ళతో మాట్లాడి లోపలున్న ఆవిడకు చెప్పకపోవడం, నా కంటికి ఈ మూడూ ఒకే తానులో గుడ్డలు. ఒళ్ళు ఆమెది, మాట ఇంకొకరిది.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? మహారాష్ట్రలో ఉస్మానాబాదు జిల్లాలో డాక్టర్ శంకరనారాయణన్ బృందం లక్షా ముప్ఫైవేల మంది స్త్రీలతో చేసిన పరిశోధన 2009లో వెలువడింది. ముప్ఫై నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపువాళ్ళకు హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి, బతుకులో ఒకే ఒక్కసారి చేసి, అవసరమైనవారికి వైద్యం చేస్తే, ఎనిమిదేళ్ళలో ఈ కాన్సరు చావులు దాదాపు సగానికి తగ్గాయి. వాళ్ళు మన వంటి పల్లెటూరి స్త్రీలే. ఆ పరీక్ష అందనిచోట పలచని సిర్కా నీళ్ళతో మూతిని తడిపి, తెల్లబడే మచ్చలున్నాయేమో చూసే పద్ధతి వుంది. అది నర్సమ్మ కూడా చెయ్యగలదు.

ఇప్పుడు మన సాక్షుల విలువ తూచి చూడండి. జబ్బు ముదిరాక వచ్చే సాక్షి ఎన్నాళ్ళు బతుకుతుందో కొంత చెబుతుంది. జబ్బు రాకముందు వచ్చే సాక్షి బతికిస్తుంది. బోదకాలుకు రాత్రి నెత్తురు తీసినట్టే ఇదీను. కాలు వాచకముందు తీసిన బొట్టే మేలు.

కాబట్టి ముప్ఫై దాటిన ప్రతి స్త్రీ, ఏ బాధా లేకపోయినా ఒకసారి ఈ పరీక్ష గురించి దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో అడగండి. నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తరువాత కనిపించినా, ముట్లుడిగిన తరువాత మళ్ళీ ఎరుపు కనిపించినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, వేడి చేసిందని సబ్జాగింజలు నానబెట్టుకుని తాగుతూ కూర్చోవద్దు. కోతలు అవనీ, పెళ్ళి అవనీ, పిల్లాడి పరీక్షలు అవనీ అని వాయిదా వెయ్యవద్దు. ఈ జబ్బు మన తీరిక చూసుకుని ఆగదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడినుంచైనా కాకినాడకు ఇప్పుడు వారధులున్నాయి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటావారి కాన్సరు ఆస్పత్రి కూడా వుంది. ఇంట్లో ఆడపిల్లలుంటే టీకా సంగతి డాక్టరును అడిగి, మీకు అర్థమయ్యేలా చెప్పించుకుని, మీరే నిర్ణయించుకోండి.

వైద్యం చేయించుకుంటున్నవాళ్ళకు ఒక్క మనవి. మీ కాగితాల్లో ఏముందో మీరు అడగండి. "ఏ దశ డాక్టరుగారూ? ఈ రక్తపరీక్ష ఎందుకు? దీన్నిబట్టి నాకు చేసే వైద్యం మారుతుందా?" అని. చదువు రాకపోతే చదివిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మీ వెంట వచ్చిన మగవాళ్ళకు కూడా చెప్పండి, వరండాలో మాట్లాడే మాటలు లోపలికి వచ్చి మీ ముందే మాట్లాడమని.

సెలవు.